కిక్కు పోయింది, గోలీ పోలేదు: ట్రమడాల్ వ్యసనంలో ఒక కేసు

రోజుకు ఎన్ని వేసుకుంటున్నావని అందరం అడుగుతాం. వేసుకుంటే ఇప్పుడు ఏమవుతోందని అడిగేవాళ్లు తక్కువ. ఈ కేసులో చికిత్స దారి మారింది ఆ రెండో ప్రశ్న దగ్గరే. సైకియాట్రీలోకి కొత్తగా వస్తున్నవాళ్లకూ, ఇలాంటి మనిషి ఇంట్లో ఉన్న కుటుంబాలకూ పనికొస్తుందని రాస్తున్నాను. రోగి రాతపూర్వకంగా ఒప్పుకున్నాడు. అతన్ని గుర్తుపట్టడానికి వీలున్న వివరాలన్నీ మార్చాను.

నేపథ్యం

ముప్పై దాటిన మనిషి. ఉత్తర తెలంగాణలో ఒక పల్లె. పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. వరికోత మిషన్ నడుపుతాడు. ఆ పని తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. వానాకాలం కోతలు, యాసంగి కోతలు కలిపి ఏడాదిలో కొన్ని వారాలే పని. ఆ కొన్ని వారాల్లోనే ఏడాది సంపాదన రాబట్టుకోవాలి. వాన పడేలా ఉంటే రాత్రంతా లైట్లు వేసుకుని కోస్తారు. సీటు అదురు, దుమ్ము, నిద్రలేమి. నాలుగైదు సీజన్లు గడిచేసరికి నడుము పట్టేసింది.

ఊళ్లో ఆర్‌ఎంపీ ఇంజక్షన్ చేసి, పూటకొకటి వేసుకొమ్మని క్యాప్సూళ్లు ఇచ్చాడు. అవి 50 మిల్లీగ్రాముల ట్రమడాల్, ఓపియాయిడ్ జాతి (మార్ఫిన్ లాంటి) నొప్పి మందు. నొప్పి తగ్గింది. దాంతోపాటు అతను ఎదురుచూడనిది మరొకటి జరిగింది. 'పానం హుషారైంది సార్. రాత్రి రెండైనా నిద్ర రాకుండె. ఎంత పనైనా చెయ్యబుద్దయ్యేది' అన్నాడు. నొప్పి మందుగా మొదలైనది ఒక సీజన్ తిరిగేసరికి పని మందు అయింది. రెండు నాలుగయ్యాయి, నాలుగు పది అయ్యాయి. కోతలు లేని నెలల్లో కూడా ఆగలేదు.

2018 ఏప్రిల్‌లో కేంద్రం ట్రమడాల్‌ను ఎన్‌డీపీఎస్ చట్టం (మత్తుమందుల నియంత్రణ చట్టం) కిందికి తెచ్చింది. చీటీ లేకుండా అమ్మడం అంతకుముందే తప్పు, ఆ తర్వాత అది ఇంకా పెద్ద నేరమైంది. అయినా అతనికి దొరుకుతూనే ఉంది. ఎక్కడ దొరికేదో నేను రాయను. చట్టం మారాక అతనికి ఖర్చు పెరిగింది, భయం పెరిగింది, గోలీల సంఖ్య మాత్రం తగ్గలేదు.

వచ్చిన సమస్య

నా దగ్గరికి వ్యసనమని రాలేదు, ఫిట్స్ అని వచ్చాడు. ఒకరోజు తెల్లవారుజామున ఇంట్లోనే మూర్ఛ వచ్చి పడిపోయాడు. నగరంలో చూపిస్తే ఎంఆర్‌ఐ, ఈఈజీ రెండూ బాగానే ఉన్నాయి. మూర్ఛ మందు మొదలుపెట్టారు. వేళకు వేసుకుంటున్నా నెల తిరక్కుండానే మళ్లీ ఫిట్స్. నిద్రలేదు, కంగారుగా ఉంటున్నాడు, చీటికిమాటికి చిరాకు పడుతున్నాడని ఫిజీషియన్ నాకు పంపారు.

వయసులో ఉన్న మనిషికి కొత్తగా ఫిట్స్, స్కానింగ్‌లో ఏమీ లేదు, మందు వేసుకుంటున్నా ఆగలేదు అంటే నా ఆలోచన మొదట రెండు చోట్లకు వెళ్తుంది: తాగుడు మానేయడం, ట్రమడాల్. ఇతను పండగలకు తప్ప తాగడు. మూత్రంలో మత్తుమందుల స్ట్రిప్ టెస్ట్ చేయించాం. నెగటివ్ వచ్చింది. ఇక్కడ చాలామంది ఆగిపోతారు. మామూలు స్ట్రిప్‌లో 'ఓపియేట్' అని ఉండే గీత మార్ఫిన్‌నూ దాని దగ్గరి చుట్టాలనూ పట్టుకోవడానికి పెట్టినది. ట్రమడాల్ నిర్మాణం వేరు కాబట్టి దానికి అందదు. ట్రమడాల్‌కు ప్రత్యేకమైన పరీక్ష అడిగి చేయించాలి. అది మా దగ్గర ఆరోజు లేదు. అందుకని కాగితం మీది ఫలితాన్ని పక్కనపెట్టి, భార్యను బయట కూర్చోబెట్టి, అతనితో విడిగా మాట్లాడాను.

అతను మొదట ఒప్పుకోలేదు. పోలీసు కేసవుతుందని భయం. మనిషి తనంతట తాను వైద్యానికి వస్తే రక్షణ కల్పించే సెక్షన్, 64ఎ, అదే ఎన్‌డీపీఎస్ చట్టంలో ఉందని చెప్పాను. నా దగ్గర చెప్పింది వైద్యం కోసమేనని, పోలీసులకు చేరవేయడానికి కాదని కూడా చెప్పాను. చాలాసేపు తల దించుకుని కూర్చుని, 'రోజుకు రెండు స్ట్రిప్పులు సార్' అన్నాడు. పది క్యాప్సూళ్ల స్ట్రిప్పు. అంటే రోజుకు 1000 మిల్లీగ్రాములు. పెద్దవాళ్లకు రోజంతటికీ దాటకూడని మోతాదు 400. ఫిట్స్‌కు కారణం అక్కడే తేలింది. ట్రమడాల్ మెదడులో మూర్ఛ రాకుండా ఉండే హద్దును కిందికి దించుతుంది, మోతాదు పెరిగేకొద్దీ ఆ ప్రమాదం పెరుగుతుంది.

అప్పుడు రెండో ప్రశ్న అడిగాను. 'మొదట్లో ఏసుకున్నప్పుడు ఎట్లుండె, ఇప్పుడు ఏసుకుంటే ఎట్లుంటది?'

'ఇప్పుడు కిక్కు గిక్కు ఏం లేదు సార్. ఏసుకుంటే మామూలు మనిషి లెక్క ఉంట. ఏసుకోకపోతే పీనుగ లెక్క అయిత. ఒళ్లంత గుంజుడు, ముక్కు కారుడు, కడుపుల మెలిపెట్టుడు. మనసు మాత్రం ఇంక గోరం. పిల్లలు దగ్గరికొచ్చినా ఏం అనిపియ్యది.'

ఆ జవాబును కేస్‌షీట్‌లో ఉన్నదున్నట్టు రాసుకున్నాను. అప్పటికి దాని బరువు పూర్తిగా తెలియాలంటే ఇంకా కొన్ని నెలలు పట్టాలి.

మెదడులో ఏం జరిగింది

మన మెదడులో ఓపియాయిడ్ రిసెప్టర్లు, అంటే ఆ మందులు వచ్చి అతుక్కునే చోట్లు, ప్రధానంగా మూడు రకాలు: మ్యూ, డెల్టా, కప్పా. గసగసాల మొక్క పాలకు మన తలలో ఇవి ఎందుకున్నాయన్న ప్రశ్నకు జవాబు 1970లలో వచ్చింది. 1973లో కాండేస్ పెర్ట్, సాలమన్ స్నైడర్ మెదడు కణజాలంలో ఓపియాయిడ్ అతుక్కునే చోట్లను చూపించారు. 1975లో స్కాట్లండ్‌లోని అబెర్డీన్‌లో జాన్ హ్యూస్, హాన్స్ కాస్టర్‌లిట్జ్ మెదడు తనంతట తాను చేసుకునే ఓపియాయిడ్లను, ఎన్‌కెఫలిన్లను, వేరుచేశారు. ఈ రిసెప్టర్లు మన సొంత రసాయనాల కోసం పుట్టినవి. గోలీ వాటిని వాడుకుంటుంది, అంతే.

సంతోషానికి సంబంధించి మ్యూ రిసెప్టర్‌దే పెద్ద పాత్ర. నడిమెదడులో వెంట్రల్ టెగ్మెంటల్ ఏరియా అనే చోట డోపమిన్ కణాలుంటాయి. సుఖం వైపు, కోరిక వైపు మనల్ని తోసే రసాయనం డోపమిన్. వాటిని ఎప్పుడూ కాస్త అదిమి ఉంచే గాబా కణాలు వాటి పక్కనే ఉంటాయి. మ్యూ రిసెప్టర్లు ఎక్కువగా ఉన్నది ఈ గాబా కణాల మీద. మందు వచ్చి అతుక్కుంటే గాబా కణం మౌనం వహిస్తుంది, డోపమిన్ కణం చెలరేగుతుంది. అతనికి దీన్ని అతని భాషలోనే చెప్పాను: గోలీ ఎక్స్‌లేటర్ తొక్కదు, బ్రేక్ మీది కాలు తీసేస్తుంది. వెంటనే అర్థమైంది. 'మరి బ్రేకు పోయిన బండి ఎక్కడ ఆగుతది సార్' అని అడిగాడు.

అది సరైన ప్రశ్నే. ఎందుకంటే మెదడు ఊరుకోదు. నెలల తరబడి మందు కూర్చునే ఉంటే రిసెప్టర్ల స్పందన మొద్దుబారుతుంది, కొన్ని కణం లోపలికి వెళ్లిపోతాయి. అదే మందు అదే మోతాదులో మునుపటి పని చేయదు. మరోవైపు మెదడుకాండంలో లోకస్ సెరూలియస్ అనే చోట, ఒంటిని అప్రమత్తం చేసే నార్‌అడ్రినలిన్ కణాలుంటాయి. మ్యూ వాటిని అణచిపెడుతుంది. అణచివేతకు అలవాటుపడ్డ ఆ కణాలు లోలోపల తమ వేగాన్ని పెంచుకుంటాయి. మందు పడని పూట అవి ఒక్కసారిగా ఎగసిపడతాయి. చెమటలు, గుండెదడ, కంగారు, ఒంటిమీది వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం ఇక్కడినుంచే వస్తాయి. విరేచనాలు, కడుపునొప్పి పేగుల్లోని మ్యూ రిసెప్టర్లవి.

మెదడులో వచ్చే మూడో మార్పు అన్నిటికంటే తక్కువగా చెప్పుకునేది. డోపమిన్ పదేపదే పొంగేకొద్దీ మెదడు దాన్ని అదుపు చేయడానికి డైనార్ఫిన్ అనే తన సొంత రసాయనాన్ని పెంచుకుంటుంది. అది అతుక్కునేది కప్పా రిసెప్టర్‌కు. కప్పా పనిచేస్తే డోపమిన్ విడుదల తగ్గిపోతుంది, మనసు నిస్సారమవుతుంది. పిల్లలు దగ్గరికొచ్చినా ఏమీ అనిపించదని అతను చెప్పిన మాటను నేను ఈ చోటే పెట్టి చదువుకుంటాను. మ్యూ ఇచ్చే సుఖం ఇంకిపోయింది, కప్పా తెచ్చిన వెలితి మాత్రం మిగిలింది. ఆ వెలితిని కొన్ని గంటలపాటు పూడ్చుకోవడానికే గోలీ.

1996లో బ్రిజిట్ కీఫర్ బృందం ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో మ్యూ రిసెప్టర్ జన్యువు లేని ఎలుకలను తయారుచేసింది. వాటికి మార్ఫిన్ ఇస్తే నొప్పి తగ్గలేదు. మార్ఫిన్ ఇచ్చిన గది మీద వాటికి మక్కువ కలగలేదు. ఆపేసినప్పుడు విత్‌డ్రాయల్ బాధలూ రాలేదు. నొప్పి నివారణ, సుఖం, బానిసత్వం మూడూ ఒకే రిసెప్టర్ మీద ఆధారపడి ఉన్నాయన్నమాట. నడుము నొప్పికని వేసుకున్న గోలీ మనిషిని ఎందుకు కట్టిపడేస్తుందో ఇంతకంటే స్పష్టంగా చెప్పిన ప్రయోగం నాకు తెలియదు. అతని భార్య 'నొప్పి ఒక్కటే తగ్గించి అలవాటు చెయ్యని గోలీ ఉండదా సార్' అని అడిగినప్పుడు నాకు గుర్తొచ్చింది ఇదే.

ట్రమడాల్‌లో ఇంకో చిక్కు ఉంది. అసలు ట్రమడాల్ మ్యూకు బలహీనంగానే అతుక్కుంటుంది. కాలేయంలోని సీవైపీ2డీ6 ఎంజైము దాన్ని ఓ-డెస్‌మిథైల్ ట్రమడాల్‌గా మార్చాకే గట్టిగా పనిచేస్తుంది. మార్పు చెందని ట్రమడాల్ ఊరికే ఉండదు, సెరటోనిన్, నార్‌అడ్రినలిన్ తిరిగి కణంలోకి వెళ్లకుండా ఆపుతుంది. అంటే ఒకే గోలీలో ఒక ఓపియాయిడ్, ఒక డిప్రెషన్ మందు లాంటిది కలిసి ఉన్నాయి. కోతల రాత్రుల్లో అతనికి వచ్చిన ఆ హుషారులో రెండోదానికీ వాటా ఉందని నా అభిప్రాయం. మానేటప్పుడు కూడా రెండు రకాల బాధలు వస్తాయి. ఈ సంగతి తర్వాత అక్కరకొచ్చింది.

మొదటి ప్రయత్నం: మెల్లగా తగ్గించడం

ఫిట్స్ ఉన్న మనిషి. ముందు మోతాదు 400 కిందికి రావాలి. ఆసుపత్రిలో చేరడానికి ఒప్పుకోలేదు, కోతలు దగ్గరపడుతున్నాయి. ఒక్కసారిగా ఆపితే విత్‌డ్రాయల్ తట్టుకోలేక ఆ రాత్రే రెండింతలు వేసుకునే ప్రమాదం ఉంది. అందుకని ఉన్న గోలీనే మెట్లుమెట్లుగా తగ్గిద్దామనుకున్నాం. గోలీలు భార్య చేతికి ఇవ్వాలి, ఆమె లెక్కపెట్టి ఇవ్వాలి. మూర్ఛ మందు ఆపలేదు, ఆ సమయంలో దాన్ని తీసేయడానికి కారణమేదీ లేదు. మిషన్ నడపవద్దని గట్టిగా చెప్పాను. ఫిట్స్ వచ్చిన మనిషి అంత పెద్ద యంత్రం మీద ఉండటం అతనికే కాదు, చేలో ఉన్న కూలీలకూ ప్రమాదం. ఆ సీజన్ హెల్పర్‌గా, లెక్కలు చూసే పని చేశాడు. ఆదాయం సగానికి పడిపోయింది. ఆ మాట విడిగా చెప్పాలి, ఎందుకంటే తర్వాత జరిగినదానికి అదీ ఒక కారణం.

రోజుకు 8 క్యాప్సూళ్ల దాకా బాగానే దిగాడు. ఫిట్స్ మళ్లీ రాలేదు. అక్కడినుంచి కిందికి దిగలేకపోయాడు. ట్రమడాల్ ఒంట్లో ఎక్కువసేపు ఉండదు, సగం దిగిపోవడానికి ఆరేడు గంటలు చాలు. మోతాదు తగ్గించేకొద్దీ రెండు గోలీల మధ్య ఖాళీలోనే విత్‌డ్రాయల్ మొదలవుతుంది. అంటే రోజుకు మూడుసార్లు బాధ, మూడుసార్లు గోలీతో ఉపశమనం. మానిపించడానికి వేసిన పథకం అతని మెదడుకు 'గోలీ వేసుకుంటేనే బతుకు' అనే పాఠాన్ని రోజుకు మూడుసార్లు చెప్పించింది. కొన్ని వారాలకు భార్యకు తెలియకుండా బయటి గోలీలు మళ్లీ మొదలయ్యాయి.

రెండో ప్రయత్నం: డీటాక్స్ (ఒంట్లోని మందును పూర్తిగా దింపడం), నాల్ట్రెక్సోన్

కోతలు అయిపోయాక వార్డులో చేరాడు. ట్రమడాల్ ఆపి క్లోనిడిన్ అనే బీపీ మందు ఇచ్చాం. దీని వెనక తర్కం నాకు ఎప్పుడూ ముచ్చటగా ఉంటుంది. లోకస్ సెరూలియస్‌లోని ఆ నార్‌అడ్రినలిన్ కణం మీదే ఆల్ఫా-2 అనే మరో రిసెప్టర్ ఉంది. మ్యూ తెరిచే పొటాషియం చానళ్లనే అదీ తెరుస్తుంది. మ్యూను ముట్టుకోకుండానే కణాన్ని శాంతపరచవచ్చు. పూటపూటకూ బీపీ చూస్తూ ఇచ్చాం. ఫిట్స్ చరిత్ర ఉంది కాబట్టి కొద్దిరోజులు బెంజోడయజెపిన్ (ఫిట్స్‌ను ఆపే నిద్రమాత్రల జాతి మందు) అడ్డుపెట్టి, తర్వాత తగ్గించి ఆపేశాం. విరేచనాలకు, ఒళ్లునొప్పులకు మామూలు మందులు.

ఆ తర్వాత ఏది? రెండు దారులున్నాయి. మ్యూను పూర్తిగా మూసేసే నాల్ట్రెక్సోన్ ఒకటి. మ్యూను సగం పనిచేయించే బ్యూప్రెనార్ఫిన్ రెండోది. మేం మొదటిదే ఎంచుకున్నాం, దానికి కారణాలున్నాయి. వయసు చిన్నది. మాత్ర చేతికి ఇచ్చి వేయించే భార్య ఉంది. అతనికి మళ్లీ మిషన్ ఎక్కాలనుంది కాబట్టి ఏ మత్తూ లేని మందు కావాలన్నాడు. 'గోలీ నుంచి ఇంకో గోలీకి పోను సార్' అన్నాడు. ఇంట్లోవాళ్లదీ అదే మాట. రోగి కోరికకు చికిత్సలో బరువుండాలని నేను నమ్ముతాను.

చివరి ట్రమడాల్ తర్వాత పది రోజులు దాటనిచ్చాం. ఒంట్లో ఓపియాయిడ్ ఇంకా ఉండగా నాల్ట్రెక్సోన్ పడితే అది మ్యూ మీదున్న మందును ఒక్కసారిగా తోసేస్తుంది, విత్‌డ్రాయల్ నిమిషాల్లో విరుచుకుపడుతుంది. స్ట్రిప్ నెగటివ్ ఉంది కదా అని ట్రమడాల్ మనిషికి నాల్ట్రెక్సోన్ మొదలుపెట్టకూడదు. ముందు కొద్దిగా నాలక్సోన్ (ఇదీ మ్యూను మూసేసేదే, కానీ త్వరగా దిగిపోతుంది) ఇచ్చి చూశాం, ఏ బాధా రాలేదు. కాలేయం పరీక్షలు బాగున్నాయి. రోజుకు 50 మిల్లీగ్రాములు మొదలైంది.

మందు తన పని తాను చేసింది. మూడోవారంలో అతను పరీక్షగా నాలుగు క్యాప్సూళ్లు వేసుకుని చూశాడట, ఏమీ కాలేదు. కానీ మనిషి బాగుపడలేదు. నిద్ర లేదు. తిండికి రుచి లేదు. నడుము నొప్పి తిరిగొచ్చింది. ఏ పని మీదా మనసు నిలవలేదు. సాయంత్రం పక్క చేలో మిషన్ స్టార్టయిన చప్పుడు వినిపిస్తే గోలీ కావాలని ఒళ్లంతా లాగేదట. కిక్కు రాదని తెలిసి కూడా. దీన్ని అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన కెంట్ బెరిడ్జ్ ఏళ్లుగా చెబుతున్నాడు: ఒక వస్తువు సుఖాన్నివ్వడం ఒక ఏర్పాటు, దాన్ని కోరుకునేలా చేయడం మరో ఏర్పాటు. మొదటిది ఆరిపోయినా డోపమిన్ నడిపే రెండోది రగులుతూనే ఉంటుంది.

రెండో నెల దాటాక నాల్ట్రెక్సోన్ నాలుక కింద దాచి ఉమ్మేయడం మొదలుపెట్టాడు. తర్వాత పూర్తిగా మానేశాడు. నోటి ద్వారా ఇచ్చే నాల్ట్రెక్సోన్‌ను ఓపియాయిడ్ రోగులు మధ్యలో వదిలేయడం లోకమంతటా ఉన్నదే. వదిలేశాక పొంచి ఉన్న ప్రమాదం గురించి డిశ్చార్జి రోజునే భార్యకు చెప్పి ఉంచాం: ఇన్నాళ్ల విరామంతో ఒళ్లు పాత మోతాదును మర్చిపోయి ఉంటుంది, మళ్లీ పాత లెక్కన వేసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు, ఫిట్స్ రావచ్చు. ఖాళీ స్ట్రిప్పు కనబడ్డ రోజే ఆమె అతన్ని తీసుకొచ్చింది. ఆమె అంత త్వరగా కదలకపోతే ఈ కేసు ఇంకోలా ముగిసేది.

మళ్లీ ఆలోచించినప్పుడు

కేస్‌షీట్‌లో మొదటిరోజు రాసుకున్న జవాబును మళ్లీ చదివాను. నాల్ట్రెక్సోన్ సుఖానికి అడ్డుగోడ కడుతుంది. సుఖం కోసం వేసుకుంటున్న మనిషికి ఆ గోడ అర్థవంతం. తాగుడులో నాల్ట్రెక్సోన్ పనికొచ్చేది ఇందుకే. సారా గాని బ్రాందీ గాని మెదడు సొంత ఓపియాయిడ్లయిన ఎండార్ఫిన్లను విడుదల చేయించి మ్యూ ద్వారా కొంత సుఖాన్నిస్తుంది. ఆ వాటాను నాల్ట్రెక్సోన్ కోసేస్తే రెండో పెగ్గు మీద ఆశ తగ్గుతుంది. అమెరికాలో తాగుడుకు దాన్ని 1994లో ఆమోదించారు. ఇతని సంగతి వేరు. ఇతనికి సుఖం ఎప్పుడో పోయింది. వెలితినుంచి పారిపోవడానికి వేసుకుంటున్నాడు. ఆ దారి మూసేస్తే వెలితితో ఒంటరిగా మిగిలాడు. ఖాళీగా ఉన్న మ్యూకు ఏదో ఒకటి కావాలి, పైకి ఎగరేయనిది, కిందికి పడనివ్వనిది.

బ్యూప్రెనార్ఫిన్ సరిగ్గా అలాంటిది. మ్యూకు చాలా గట్టిగా అతుక్కుంటుంది, మెల్లగా వదులుతుంది, అందుకే రోజుకు ఒక్కసారి చాలు. పూర్తిగా కాక కొంతవరకే పనిచేయిస్తుంది కాబట్టి మోతాదు పెంచినా ఊపిరి మీద దాని ప్రభావం ఒక హద్దు దగ్గర ఆగుతుంది. మరో మత్తుమందు, ముఖ్యంగా మద్యం, నిద్రమాత్రలు కలిస్తే ఆ భద్రత ఉండదు, ఈ మాట ఇంట్లో అందరికీ చెప్పాలి. పైనుంచి ట్రమడాల్ వేసుకున్నా దానికి చోటు దొరకదు. ఇంకొకటి, అది కప్పాను అడ్డుకుంటుంది. ఇతని విషయంలో నాకు ఎక్కువ ఆశ కలిగించింది ఆ గుణమే.

ఇంట్లో ఒప్పించడానికి రెండు సిట్టింగులు పట్టాయి. 'ఇదీ అదే జాతి మందు కదా సార్, ఒకటి మాన్పించి ఇంకోటి పట్టిస్తరా' అని అతని అన్న నిలదీశాడు. అవును, ఒకే జాతి అని ఒప్పుకున్నాను. తేడా ఎక్కడుందో చెప్పాను: రోజుకు నాలుగుసార్లు ఎగుడుదిగుళ్లు పడే మెదడు ఒకచోట నిలబడుతుంది, నిలబడ్డ మెదడు మాత్రమే నిద్రనూ ఆకలినీ పనినీ మళ్లీ నేర్చుకుంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లోనే దీన్ని అత్యవసర మందుల జాబితాలో చేర్చిందని చెప్పాను. చివరికి అన్న కాదు, భార్యే తేల్చింది: 'దొంగతనంగ ఏసుకునే దానికన్న మీ ముందర ఏసుకునుడే మంచిది.'

మూడో ప్రయత్నం

మొదలుపెట్టే వేళ ముఖ్యం. బ్యూప్రెనార్ఫిన్ పట్టు ఎక్కువ, పని తక్కువ. ఒంట్లో ట్రమడాల్ నిండుగా ఉండగా ఇస్తే అదీ విత్‌డ్రాయల్ తెస్తుంది. చివరి క్యాప్సూల్ ముందురోజు సాయంత్రం. పొద్దున ఆవలింతలు, ముక్కు కారడం, పెద్దవైన కంటిపాపలు, చెమట. విత్‌డ్రాయల్ తీవ్రతను కొలిచే కౌస్ స్కేలు మీద 12 దాటేదాకా ఆగి, 2 మిల్లీగ్రాముల బ్యూప్రెనార్ఫిన్, 0.5 నాలక్సోన్ ఉన్న మాత్రను నాలుక కింద పెట్టించాం. నాలక్సోన్ నాలుక కింద పెద్దగా ఒంటికి పట్టదు. ఎవరైనా కరిగించి సూదితో ఎక్కించుకుంటే మాత్రం అడ్డుపడుతుంది, అది అందుకే ఉంది. గంటన్నరకు ఒళ్లు గుంజుడు తగ్గింది. సాయంత్రం మరో 2. మర్నాడు పొద్దున అతను మొదట చెప్పింది ఆకలేసిందని.

4 మిల్లీగ్రాముల మీద శరీరం కుదుటపడింది. కానీ తల తిప్పినప్పుడల్లా కరెంటు కొట్టినట్టు ఝల్లుమంటోందని, ఉన్నట్టుండి భయం కమ్ముతోందని అన్నాడు. క్రేవింగ్ (గోలీ కోసం ఆరాటం) అనుకుని 8కి పెంచాం. మలబద్ధకం పెరిగింది, ఝల్లుమనడం పోలేదు. అక్కడ ఆగి ఆలోచించాం. ఆవలింతలు లేవు, చెమట లేదు, కంటిపాపలు మామూలుగా ఉన్నాయి. ఇది మ్యూ ఖాళీవల్ల వచ్చే బాధ కాదు. వెన్లఫాక్సిన్ లాంటి డిప్రెషన్ మందును హఠాత్తుగా ఆపినవాళ్లు ఇవే మాటలు చెబుతారు. ట్రమడాల్‌లోని రెండో సగం, సెరటోనిన్-నార్‌అడ్రినలిన్ సగం, ఆగిపోయింది. దానికి బ్యూప్రెనార్ఫిన్ దగ్గర జవాబు లేదు.

బ్యూప్రెనార్ఫిన్‌ను 6కి దించి, డులాక్సెటిన్ 30 మిల్లీగ్రాములు చేర్చి, వారం తర్వాత 60 చేశాం. ఇది ఆ రెండు రసాయనాల మీదే పనిచేస్తుంది, దీర్ఘకాలపు నడుము నొప్పికీ కొంత మేలు చేస్తుంది. ట్రమడాల్ పూర్తిగా బయటికి పోయిందని నిర్ధారించుకున్నాకే ఇచ్చాం. రెండూ కలిస్తే సెరటోనిన్ మితిమీరే ప్రమాదం, మళ్లీ ఫిట్స్ భయం. రెండు వారాల్లో ఝల్లుమనడం తగ్గింది. నడుముకు ఫిజియోథెరపీ మొదలైంది. నొప్పిని పట్టించుకోకుండా ఇతని వ్యసనానికి వైద్యం చేయడం వృథా ప్రయాస, అతన్ని గోలీ దగ్గరికి మొదట తీసుకెళ్లింది నొప్పే.

మొదట రోజూ సెంటర్‌కు వచ్చి మా ఎదుట మాత్ర వేసుకున్నాడు. తర్వాత వారానికొకసారి మందు ఇంటికిచ్చాం. మాత్ర కరిగాక నీళ్లు పుక్కిలించమన్నాం. ఈ మాత్రలవల్ల పళ్లు పాడవుతున్నాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2022లో హెచ్చరించింది. ఫిట్స్ లేకుండా ఏడాది దగ్గరపడ్డాక న్యూరాలజిస్టుతో మాట్లాడి మూర్ఛ మందును మెల్లగా తీసేశాం. ఆ తర్వాతే, మోతాదు నిలకడగా ఉందని, పగటిపూట మగత లేదని చూసుకుని, మిషన్ ఎక్కడానికి ఒప్పుకున్నాం. రాత్రి కోతలు వద్దన్నాం. యజమానితో తనే మాట్లాడుకుని పగటి షిఫ్టు తెచ్చుకున్నాడు.

ఒకసారి జారాడు. కోతల చివర్లో పాత స్నేహితుడి చేతినుంచి రెండు క్యాప్సూళ్లు తీసుకుని వేసుకున్నాడు. ఏమీ అనిపించలేదు. రెండ్రోజుల తర్వాత వచ్చి చెప్పాడు. నాల్ట్రెక్సోన్ రోజుల్లో కూడా వేసుకున్నాడు, అప్పుడు కూడా ఏమీ అనిపించలేదు. కానీ అప్పుడు దాచాడు, ఇప్పుడు చెప్పాడు. ఈసారి అతనికి దాచుకోవాల్సినంత వెలితి లేదు. డులాక్సెటిన్ ఉండగా ట్రమడాల్ ఎందుకు మరింత ప్రమాదమో మళ్లీ చెప్పి పంపాను.

ఈ కేసు నుంచి నేను పట్టుకున్నవి

కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఎయిమ్స్ చేసి 2019లో వెలువరించిన జాతీయ సర్వేలో దేశ జనాభాలో సుమారు 2.1 శాతం, అంటే 2.26 కోట్ల మంది, ఏదో ఒక ఓపియాయిడ్ వాడుతున్నట్టు తేలింది. అందులో హెరాయిన్ తర్వాతి స్థానం మందుల షాపులో దొరికే ఓపియాయిడ్లదే. ఆంధ్రాలోనైనా తెలంగాణలోనైనా ఓపీడీలో మనం చూసే మొహం ఎక్కువగా ఈ రెండోదే: సూది గుచ్చుకునే కుర్రాడు కాదు, ఒళ్లునొప్పులతో పనికెళ్లే మనిషి. అలాంటి మనిషికి కొత్తగా ఫిట్స్ వస్తే స్కానింగ్ రాసే ముందే, భార్యాబిడ్డలు లేని చోట, ఏ గోలీలు వేసుకుంటున్నాడో అడగాలి. స్ట్రిప్ నెగటివ్‌ను జవాబుగా తీసుకోకూడదు.

నాల్ట్రెక్సోన్‌ను ఈ కేసు చూసి పక్కన పెట్టమని నేను చెప్పను. వాడకం మొదలై ఎక్కువకాలం కాలేదు, ఇంకా కిక్కు కోసమే వేసుకుంటున్నాడు, ఉద్యోగరీత్యా ఓపియాయిడ్ ఏదీ వాడే వీల్లేదు, రోజూ మాత్ర వేయించే మనిషి ఉన్నాడు, ఇలాంటివాళ్లకు ఇప్పటికీ ముందు దాన్నే ఆలోచిస్తాను. కిక్కు పోయి ఏళ్లయినవాడి దగ్గర మాత్రం ఇప్పుడు ముందుగా బ్యూప్రెనార్ఫిన్ మాటే ఎత్తుతున్నాను. ట్రమడాల్ వాడినవాళ్లలో బ్యూప్రెనార్ఫిన్‌కు లొంగని బాధ మిగిలితే, మోతాదు పెంచేముందు కంటిపాపలు చూసి, అది మ్యూదా సెరటోనిన్‌దా అని తేల్చుకుంటున్నాను.

ఇక మిగిలింది ఎప్పుడు ఆపాలన్న ప్రశ్న. అతను ప్రతి విజిట్‌కూ అడుగుతాడు. ప్రస్తుతం 4 మిల్లీగ్రాముల మీద ఉన్నాడు. రెండు కోతల సీజన్లు జారకుండా దాటాక, సీజన్ లేని నెలల్లోనే, 0.4 మిల్లీగ్రాముల చిన్న మాత్రలతో మెట్లుమెట్లుగా దించుదామని రాసుకున్నాం. మధ్యలో నిద్ర చెడినా, పిల్లలతో ఉన్నప్పుడు మళ్లీ ఏమీ అనిపించకపోయినా అక్కడే ఆగి వెనక్కి ఒక మెట్టు ఎక్కాలన్నది ఒప్పందం. ఆ రెండో గుర్తును కనిపెట్టి చెప్పే బాధ్యత భార్య తీసుకుంది. ఇలాంటి మనిషి ఇంట్లో ఉండి ఎక్కడికెళ్లాలో తెలియనివాళ్లు జాతీయ డీఅడిక్షన్ హెల్ప్‌లైన్ 14446కు గాని, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ టెలిమానస్ 14416కు గాని ఫోన్ చేయవచ్చు. రెండింటికీ డబ్బు పడదు. టెలిమానస్‌లో తెలుగులోనే మాట్లాడతారు.